మూడో చీటీ

కెజియా స్ట్రౌడ్‌కు ముప్పై నాలుగేళ్ళు. అయినా మా చర్చి యువజన సమాజంలో ఉంది. ఇంత వయసు దాటాక మానెయ్యాలని ఎక్కడా రాసి లేదు గానీ, మిగతా వాళ్ళంతా పెళ్ళిళ్ళయి, పిల్లలు పుట్టి, ఆదివారం సాయంత్రాలు తీరిక లేక వాళ్ళంతట వాళ్ళే తప్పుకునేవారు. ఈవిడ తప్పుకోలేదు. తప్పుకోమ్మా అని చెప్పే మొనగాడు మా ఊరు నార్త్ పెలోలో ఇంకా పుట్టలేదు. పాస్టరు గారంతటి పాస్టరు గారు, ఆమె ఎదురుగా వస్తుంటే బండిని పక్క దారిలోకి తిప్పేసేవారు.

ఆవిడ సమాజంలో కావలి కమిటీకి పెద్ద. కావలి కమిటీ అంటే దొంగల కోసం కాదు, సభ్యుల కోసం. సమాజంలో చేరిన ప్రతివాళ్ళూ ఒక ప్రమాణం మీద సంతకం పెట్టాలి. ప్రతి కూటానికీ రావాలి. వచ్చి ఊరికే పాటలు పాడి పోతే కుదరదు, నోరు తెరిచి ఒక మాటైనా చెప్పాలి. నెల మొదటి ఆదివారం ప్రతిష్ఠ కూటం. ఆ సాయంత్రం కార్యదర్శి పుస్తకం తీసి ఇంటిపేరు ఇంగ్లీషు అక్షరాల వరసలో ఒక్కొక్కరి పేరూ పిలుస్తాడు. పిలిచినవాళ్ళు లేచి ఒక బైబిలు వాక్యం చెప్పి కూర్చోవాలి. రాలేనివాళ్ళు కారణమూ, వాక్యమూ చీటీ మీద రాసి పంపాలి. వరసగా మూడు నెలలు హాజరు పడకపోతే కావలి కమిటీ పెద్ద ఇంటికి వెళ్ళి ఎందుకు రాలేదో అడిగి, తర్వాతి కూటంలో నివేదిక చెప్పి, పేరు కొట్టేస్తుంది. చెప్పే కారణం ప్రభువు ముఖం చూసి చెప్పగలిగినదై ఉండాలని ప్రమాణంలో ఉంది. మా ఊళ్ళో ఆ ముఖం ప్రభువుది కాదు, కెజియాది. ప్రభువు దగ్గరైతే కాస్త జాలి ఉండేది.

తొమ్మిదేళ్ళలో పదిహేడు పేర్లు కొట్టించింది. నివేదిక ఎప్పుడూ మూడే ముక్కలు. "వెళ్ళాను. అడిగాను. కారణం లేదు." చెప్పి కూర్చునేది. కార్యదర్శి ఆల్వా డిన్స్‌మోర్ కలం అందిస్తే, లేచి వెళ్ళి తనే గీత గీసేది. గీత వంకర పోకుండా పాటల పుస్తకం అంచు ఆనించి మరీ గీసేది.

పుట్టుకతోనే ఇంత కరుకుగా ఉందని అనను. పదిహేనో ఏట తల్లి పోయింది. అప్పటికి తమ్ముడు ఓరిన్‌కు ఐదేళ్ళు. తండ్రి రాతి గనిలో పనికి పోయి రాత్రికి వచ్చేవాడు, తిని పడుకునేవాడు, ఒకనాడు రాలేదు. ఆ రాళ్ళ పొలమూ, ఆరు ఆవులూ, పిల్లవాడూ ఈవిడ నెత్తిన పడ్డాయి. పాలు పితికింది, గడ్డి కోసింది, మేపుల్ చెట్లకు గాట్లు పెట్టి చలిలో రసం మోసింది. వంటింటి బల్ల మీద పలక పెట్టి, చెయ్యి పట్టుకుని వాడికి అక్షరాలు దిద్దించింది. ఇద్దరు మగవాళ్ళు పెళ్ళికి అడిగారు. ఒకడు పిల్లవాణ్ణి ఎవరింట్లోనైనా పనికి పెట్టి రమ్మన్నాడు. వాడికి తలుపు చూపించింది. రెండోవాడు ఏమీ అనకముందే వాడికీ చూపించింది.

అంచేత లోకంలో ఆవిడకు ఉన్నదల్లా ఓరిన్. వాడు ఆ ఇంట్లోంచి వెళ్ళిపోతే తనూ, గోడ గడియారమూ మిగులుతారు. ఇది ఆమెకు తెలుసు, ఊరికీ తెలుసు. ఓరిన్‌కు మాత్రం ఇరవై నాలుగేళ్ళు వచ్చినా తెలిసినట్టు లేదు. చెరువు అవతల పీస్లీ వాళ్ళ ఇంటివైపు పోవడం మొదలుపెట్టాడు.

పీస్లీ వాళ్ళంటే హల్డా పిన్నీ, ఆమె కూతురు లొవీనానూ. హల్డా మొగుడు పోయి చాలా కాలమైంది. లొవీనాకు ఇరవై ఒకటి, బక్కగా ఉండేది, పాట బాగా పాడేది, కూటంలో పేరు పిలిస్తే సిగ్గుపడుతూ లేచేది. ఆ చలికాలం దానికి దగ్గు పట్టుకుంది. జనవరి కూటానికి రాలేదు, చీటీ పంపింది. కెజియా ఆ చీటీని చదివి, లేచి, "దగ్గు అని రాసింది. సోమవారం పొద్దున గడ్డకట్టే చలిలో దండెం మీద బట్టలారేస్తుంటే ఈ కళ్ళతో చూశాను. బట్టలకు లేని దగ్గు ప్రార్థనకు వచ్చిందా?" అంది. హాజరు పడలేదు. ఫిబ్రవరిలోనూ చీటీ వచ్చింది. ఈసారి శనివారం నాడు వెన్న మిల్లు దగ్గర పాల క్యానుతో చూసిందట. మళ్ళీ పడలేదు. ఆ ఇంట్లో పాలు మోసేవాళ్ళు ఇంకెవరున్నారని అడిగే గుండె ఎవరికీ లేకపోయింది. నాకు మండుతుంది ఆ సంగతి తలచుకుంటే. యాభై మంది కూర్చుని ఉన్నారు, యాభై మంది పైకప్పు వైపు చూశారు.

మార్చి వచ్చేసరికి డాక్టరు బండి పీస్లీ వాళ్ళ గుమ్మంలో రెండుసార్లు ఆగింది. జనం మెత్తబడ్డారు. ఈసారి చీటీ వస్తే ఒప్పుకుందామని ఆల్వా కూడా అన్నాడు. ఆ ఆదివారం పొద్దున ఆరాధన అయ్యాక కెజియా తన బెంచీ దగ్గరికి వచ్చేసరికి పాటల పుస్తకం మీద మడిచిన చీటీ ఉంది. విప్పింది. లొవీనా పేరు, లొవీనా వాక్యం. చేతిరాత మాత్రం లొవీనాది కాదు. ప్రతి అక్షరం తోకనూ ఎడమకు లాగి కొక్కెంలా తిప్పే ఆ రాత కెజియా దిద్దించిన రాతే. లొవీనాకు కలం పట్టే ఓపిక లేకపోతే పక్కన కూర్చుని రాసిపెట్టింది ఓరిన్.

అంటే అంత దగ్గరగా కూర్చుంటున్నాడన్న మాట. పెన్సిలు ముక్క కోసం వాడి చొక్కా జేబులో చెయ్యి పెట్టేంత దగ్గర. కెజియాకు ఒళ్ళు మండిపోయింది. ఆ అమ్మాయికి జబ్బు ఉందని ఆమె ఒక్క క్షణం కూడా నమ్మలేదు. దగ్గు పేరు పెట్టి మంచమెక్కి తన తమ్ముణ్ణి ముగ్గులోకి లాగుతోందని నమ్మింది. చీటీని పుస్తకం వెనక అట్టలోకి తోసేసింది. సాయంత్రం ఆల్వా "లొవీనా పీస్లీ" అని పిలిచి ఆగితే ఆమె లేచి, "ఏమీ అందలేదు" అంది.

ఓరిన్ ఆ సాయంత్రం కూటంలో లేడు. మేపుల్ రసం కారే రోజులు, పొయ్యి మీద పాకం కాగే పెనం వదిలి రావడానికి వీల్లేదు. ఆ కారణం కెజియా తనే చదివి, తనే ఒప్పుకుంది.

ఏప్రిల్‌లో పీస్లీ వాళ్ళింటికి వెళ్ళింది. గుమ్మంలో నిలబడి అడిగింది. పొయ్యి పక్క కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చున్న లొవీనా, "మూడోసారి కూడా పంపాను కదా అక్కా" అంది. "అందలేదు" అంది కెజియా. మూడు నిమిషాలు కూడా నిలవలేదు. కూటంలో ఆ మూడు ముక్కలూ చెప్పింది. గీత గీసింది.

ఆ రోజు ఇంటికి వచ్చాక ఓరిన్ అడిగాడు.

"అక్కా, నీ పాటల పుస్తకం మీదే పెట్టాను. నువ్వు నిజంగా చూడలేదా?"

"తలుపు దగ్గర గాలి. ఎగిరిపోయుంటుంది."

"నా తప్పే. నీ చేతికే ఇవ్వాల్సింది."

"ఇకనైనా పరాయి వాళ్ళ చీటీలు మొయ్యడం మానెయ్. అన్నం తిను."

వాడు తినలేదు. మర్నాడు ఆలయం తాళం అడిగి తెచ్చుకుని, బెంచీల కింద మోకాళ్ళ మీద పాకి వెతికాడు. వంటింటి కిటికీలోంచి, తెరిచిన ఆలయం తలుపులో వాడు ఆమెకు కనబడుతూనే ఉన్నాడు. చూస్తూ గిన్నెలు కడిగింది.

ఆ చీటీని తీసి పొయ్యిలో వెయ్యొచ్చు కదా అని మీరడగొచ్చు. అక్కడే ఉంది మా వాళ్ళ తిక్క. చీటీని దాచగలదు, అబద్ధం ఆడగలదు, బతికున్న మనిషి పేరు కొట్టెయ్యగలదు. కానీ దాని మీద దేవుడి వాక్యం రాసి ఉంది. వాక్యాన్ని కాల్చడానికి మాత్రం చేతులు రాలేదు. అందుకని ఆ చీటీ అట్టలోనే ఉండిపోయింది.

మే కూటానికి ఓరిన్ రాలేదు. ఆవు ఈనబోతోందన్నాడు. అది బుధవారం దాకా ఈనలేదు. జూన్‌లో గుర్రం కుంటుతోందన్నాడు. ఆలయానికి నడిచి వెళ్ళేది నాలుగు వందల అడుగులు. రెండుసార్లూ చీటీ రాయలేదు. కావలి కమిటీ పెద్ద సొంత తమ్ముడికి రెండు హాజర్లు పోయాయి. వెన్న మిల్లు దగ్గర ఆడవాళ్ళు ఆమెను చూసి మాటలాపడం మొదలుపెట్టారు, వాళ్ళకు పండగలా ఉంది.

జూలై మొదటి ఆదివారం మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నారు. ఆదివారం వంటకు పొయ్యి వెలిగించరు కాబట్టి శనివారం వండిన చిక్కుడు గింజలు, నల్ల రొట్టె, చల్లగా.

"సాయంత్రం వస్తున్నావు కదా" అంది కెజియా.

"చూద్దాం."

"చూద్దాం ఏమిటిరా? ఇది మూడోది. రాకపోతే నీ పేరు నేనే కొట్టెయ్యాలి, ఈ చేత్తో."

"నీకు అలవాటే కదా."

ఆమె గరిటె కింద పెట్టింది. ఇరవై ఏళ్ళలో వాడు ఆమెకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

"ఆ పిల్ల నేర్పిందా ఈ మాటలు?"

"ఆ పిల్లకు మాటలు చెప్పే ఊపిరి లేదక్కా. నువ్వు వెళ్ళి చూసింది ఏప్రిల్‌లో, అదీ గుమ్మంలోంచి."

"దొంగ దగ్గులు నేను చాలా చూశాను."

ఓరిన్ కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. టోపీ తీసుకున్నాడు. "వస్తే వస్తాను" అని గడ్డి కొట్టు వైపు వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆరున్నరకు కూటం. జూలై కాబట్టి బయట ఇంకా మంచి ఎండ ఉంది. ఉక్కగా ఉంటే కిటికీలన్నీ తీసిపెట్టారు. కెజియా ఎప్పటిలాగే చివరి బెంచీలో, వచ్చే పోయేవాళ్ళు కనబడేలా కూర్చుంది. ఓరిన్ రాలేదు. పాట అయింది, ప్రార్థన అయింది, ఆల్వా పుస్తకం తెరిచాడు. ఆల్వా గొంతు సంగతి చెప్పాలి. వాడు మాట్లాడితే చెరువు అవతల కుక్కలు చెవులు రిక్కిస్తాయి.

వరస మొదలైంది. కెజియా మనసులో లెక్క వేసింది. అక్షరాల వరసలో స్ట్రౌడ్‌ల పేర్లు దాదాపు చివర, నలభై ముగ్గురి తర్వాత. ఒక్కొక్కరూ లేచి, గొంతు సవరించుకుని, వాక్యం చెప్పి కూర్చునేసరికి అరగంట పైనే పడుతుంది. పీస్లీ వాళ్ళిల్లు చెరువు కట్ట మీదుగా వెళ్తే పది నిమిషాలు. వెళ్ళి, తమ్ముణ్ణి చెవి పట్టుకుని లాక్కొచ్చి, తన పేరు పిలిచేలోగా బెంచీలో కూర్చోబెట్టొచ్చు. పాటల పుస్తకం చంకలో పెట్టుకుని చప్పుడు కాకుండా బయటికి వచ్చింది. తొమ్మిదేళ్ళలో కూటం మధ్యలో లేచి రావడం ఆమెకు అదే మొదలు.

చెరువు కట్ట మీద గబగబా నడిచింది. వెనక నుంచి ఆల్వా పిలుపులు స్పష్టంగా వినబడుతూనే ఉన్నాయి. ఫార్నమ్. గేల్. హాస్కెల్. ఆమె అడుగులు ఆ పేర్లతో పోటీ పడ్డాయి. ఇంట్లో వాళ్ళిద్దరూ నవ్వుకుంటూ కూర్చుని ఉంటారని, ఆ నవ్వు వినబడగానే తలుపు తోసుకుని వెళ్ళి ఏమనాలో మాటలు సిద్ధం చేసుకుంది. చాలా పదునైన మాటలు. అవి ఎవరూ వినకుండానే పోయాయి.

తలుపు తీసే ఉంది. ముందు గదిలో ఎవరూ లేరు. లోపలి గదిలో మంచాన్ని కిటికీకి ఆనించి వేశారు. కిటికీ పూర్తిగా తెరిచి ఉంది, దానిలోంచి చెరువూ, అవతల ఆలయమూ కనబడుతున్నాయి. ఓరిన్ మంచం అంచున కూర్చుని ఒక చేత్తో లొవీనా వీపును ఎత్తి పట్టుకున్నాడు. లొవీనా అని చెబితే నమ్మాలి. ఏప్రిల్‌లో చూసిన మనిషిలో సగం కూడా లేదు. హల్డా పిన్ని మంచం కాళ్ళ దగ్గర గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ముగ్గురూ కిటికీ వైపే చెవి పెట్టి ఉన్నారు. కెజియా గుమ్మంలోకి వచ్చింది ఎవరూ చూడలేదు.

"ఎడ్విన్ పార్లిన్" అని నీటి మీదుగా వినబడింది. ఆ పార్లిన్ వాక్యం చెప్పే చప్పుడు గొణుగుడులా వచ్చింది. అదయ్యాక చిన్న ఖాళీ. తర్వాతి పేరు రగ్. మధ్యలో ఇదివరకు పీస్లీ ఉండేది.

ఆ ఖాళీలో లొవీనా తన వాక్యం చెప్పింది. గట్టిగా కాదు, గొంతు ఎక్కడిది. నాలుగు మాటలకు మూడుసార్లు ఆగింది. అవతల రగ్ వాళ్ళమ్మాయిని పిలవడమూ, ఆమె వాక్యమూ అయిపోయాయి. అయినా లొవీనా తనది పూర్తి చేసి, అప్పుడు వెనక్కి వాలింది. ఓరిన్ దిండు సరిచేశాడు.

ప్రతి నెలా వాడు చేస్తున్నది ఇది. ఆవు ఈనడమూ కాదు, గుర్రం కుంటడమూ కాదు. తన నిర్లక్ష్యం వల్ల పోయిందనుకున్న పేరుకు, ఆ పేరు వచ్చే చోట, మనిషిని లేపి కూర్చోబెడుతున్నాడు. ఊరంతా ఆలయంలో ఉండే ఆ ఒక్క గంటలోనే ఎవరి కంటా పడకుండా రావడం కుదురుతుంది.

హల్డా వెనక్కి తిరిగి చూసింది. గిన్నె కింద పెట్టింది.

"దేనికొచ్చావమ్మా? దండెం మీద బట్టలేమైనా కనబడ్డాయా?"

లొవీనా కళ్ళు తెరిచింది.

"కెజియా అక్కా" అంది, సంతోషంగానే. అందులో కోపం ఇసుమంత కూడా లేదు, అదే భరించలేనిది. "నా చీటీ దొరికిందా అక్కా? ఓరిన్ దానికే ఇంత బాధపడుతున్నాడు. దొరికిందని చెప్పడానికి వచ్చావేమో అనుకున్నా."

అప్పుడు చెప్పొచ్చు. అక్కడే, ఆ క్షణంలో చెప్పేసి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. ఓరిన్ ఆమె ముఖం వైపు చూస్తున్నాడు. ఆ చూపుకు భయపడింది.

"లేదు" అంది.

అంతలో కిటికీలోంచి వచ్చింది. "కెజియా స్ట్రౌడ్." ఆగాడు. మళ్ళీ పిలిచాడు, ఇంకా గట్టిగా. తొమ్మిదేళ్ళలో రెండోసారి పిలవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. అవతల గుసగుస కూడా వినబడ్డంత పని అయింది.

"పిలుస్తున్నారు" అంది హల్డా. "చీటీ పంపావా, ఎవరి చేతైనా?"

"ఇక్కడి నుంచే చెప్పక్కా" అన్నాడు ఓరిన్. వెటకారం కాదు, మెల్లగానే అన్నాడు. "లొవీనా చెబుతుంది కదా. నువ్వూ చెప్పు. నేనూ చెబుతాను."

వాడు పిలుస్తున్నాడు. తన పక్కకు రమ్మని పిలుస్తున్నాడు. ఆమె దాన్ని అందుకోబోయింది కూడా. కానీ బుర్రలో ఒక్క వాక్యమూ లేదు. వందలకొద్దీ కంఠతా వచ్చిన మనిషికి ఆ నిమిషాన ఒక్కటీ రాలేదు. ప్రతి నెలా చెప్పాల్సిన వాక్యాన్ని ముందే రాసుకుని పాటల పుస్తకం వెనక అట్టలో పెట్టుకోవడం ఆమె అలవాటు. వేళ్ళతో తడిమి, చేతికి వచ్చిన చీటీ లాగి, విప్పి, పైకి చదవడం మొదలుపెట్టింది.

రెండు మాటలు చదివాక తెలిసింది. అది ఆమెది కాదు.

చదవడం ఆపి మడవబోయింది. ఓరిన్ లేచి వచ్చాడు. చీటీని ఆమె వేళ్ళ మధ్య నుంచి తీసుకుని చూశాడు. కొక్కెం తోకల అక్షరాలు చూశాడు. చాలాసేపు చూశాడు. అవతల "ఓరిన్ స్ట్రౌడ్" అని రెండుసార్లు వినబడింది, తర్వాత థాయర్ పేరు వినబడింది.

"నేను బెంచీల కింద పాకాను" అన్నాడు.

"ఓరిన్, నేను…"

"నువ్వు కిటికీలోంచి చూస్తూనే ఉన్నావు. నేను తల ఎత్తినప్పుడు కనబడ్డావు." చీటీ మళ్ళీ మడిచి ఆమె పుస్తకంలోనే పెట్టాడు. "ఇది నీ దగ్గరే ఉంచుకో. ఇక వెళ్ళు."

లొవీనా ఏదో అనబోయింది, దగ్గు వచ్చింది, మాట దగ్గులో పోయింది. హల్డా గిన్నె అందుకుంది. కెజియా కట్ట మీదుగా ఇంటికి వచ్చింది. ఆలయంలో చివరి పాట పాడుతున్నారు.

ఆ రోజు ఓరిన్ ఇంటికి రాలేదు. మర్నాడు ఆమె పొలంలో ఉన్నప్పుడు వచ్చి తన బట్టలూ, కొడవలీ తీసుకుపోయాడు. పీస్లీ వాళ్ళ గడ్డి కోస్తూ వాళ్ళ కొట్టులోనే పడుకుంటున్నాడని వెన్న మిల్లులో తెలిసింది. జూలై నెలాఖరులో లొవీనా పోయింది. కెజియా ఆపిల్ ముక్కలు పెట్టి తీపి రొట్టె కాల్చి పంపింది. సాయంత్రానికి ఆ రొట్టె అలాగే, ఒక్క ముక్క తెగకుండా, మూత గుడ్డతో సహా ఆమె గుమ్మంలో ఉంది. సమాధి దగ్గర అందరికన్నా వెనక నిలబడింది. ఓరిన్ హల్డా చెయ్యి పట్టుకుని ఆమె ముందు నుంచే నడిచి వెళ్ళాడు.

ఆగస్టు కూటానికి నాలుగు రోజులుంది. మూడు నెలల హాజరు పోయిన సభ్యుడి ఇంటికి వెళ్ళడం కమిటీ పెద్ద పని. ఊరు అనుకున్నది వేరు, ఆమె సిగ్గుతో ఆ గడప తొక్కదని. నిజానికి ఆమె ఆ నియమం కోసమే కాచుకుని కూర్చుంది. నియమం లేకపోతే ఆ తలుపు కొట్టడానికి ఆమెకు ఇంకే దారీ లేదు. మంచి గౌను తొడుక్కుంది, టోపీ పెట్టుకుంది, వెళ్ళి తట్టింది.

ఓరిన్ వచ్చాడు. తలుపు సగమే తీశాడు. చిక్కిపోయి ఉన్నాడు. ఆమెకు చెయ్యి చాచి వాడి చొక్కా బొత్తాం పెట్టాలనిపించింది, ఒకటి ఊడి ఉంది.

"ఎవరొచ్చారు?" అన్నాడు. "అక్కా? కమిటీయా?"

దారంతా ఒకే మాట అనుకుంటూ వచ్చింది, నన్ను క్షమించరా, ఇంటికి రారా అని. ఆ మాట నోటి చివర ఉంది. కానీ అక్క అంటే తలుపు మూసేస్తాడనుకుంది. కమిటీ అంటే కనీసం జవాబైనా చెప్పాలి, ప్రమాణం మీద సంతకం పెట్టాడు. బతుకంతా ఆ పుస్తకం చాటునే నిలబడి మాట్లాడిన మనిషి, పాపం, ఇంకోలా మాట్లాడటం ఎక్కడ నేర్చుకుంది?

"కమిటీ పని మీద వచ్చాను" అంది.

వాడు తల ఊపాడు. ఆ మాట కోసమే ఎదురు చూసినట్టున్నాడు.

"అయితే రాసుకోండి, మిస్ స్ట్రౌడ్. కారణం లేదు."

తలుపు మూశాడు. గట్టిగా వెయ్యలేదు, గడియ పడ్డ చప్పుడు మాత్రం వినబడింది. మిస్ స్ట్రౌడ్. ఆ పేరుతో ఆమెను కొత్తగా వచ్చిన స్కూలు టీచరు పిలిచేది, సరుకులమ్మే బండివాడు పిలిచేవాడు. ఆమె ఆ గుమ్మంలోనే కాసేపు నిలబడింది, లోపల అడుగుల చప్పుడు వంటింటి వైపు పోయేదాకా.

ఆగస్టు మొదటి ఆదివారం ఆలయంలో కిటికీలన్నీ తీసే ఉన్నాయి. ఆల్వా వరస మొదలుపెట్టాడు. పార్లిన్ లేచి, చెప్పి, కూర్చున్నాడు. ఆల్వా తర్వాతి పేరుకు నోరు తెరిచేలోగా చివరి బెంచీలోంచి కెజియా లేచి నిలబడింది. పాటల పుస్తకం వెనక అట్టలోంచి చీటీ తీసింది.

"లొవీనా పీస్లీ" అంది. "మార్చి నెల చీటీ. నాకు అందింది. నేనే దాచాను."

తర్వాత వాక్యం చదివింది. మామూలుగా చదవలేదు, ఆల్వాకన్నా గట్టిగా, కిటికీ వైపు తిరిగి, నీటి మీదుగా అవతలికి పోవాలని గొంతు చించుకుని చదివింది. ముందు బెంచీల్లో పిల్లలు ఉలిక్కిపడి వెనక్కి చూశారు.

ఆల్వా తత్తరపడ్డాడు. పుస్తకంలో వేలు పెట్టి చూసి, "ఆ పేరు ఇప్పుడు పుస్తకంలో లేదు కెజియా గారూ" అన్నాడు.

"తెలుసు. కొట్టింది నేనే కదా."

కూర్చుంది. పాస్టరు గారు లేచి, మనమందరం పాపులమేననీ, సోదరి ధైర్యంగా ఒప్పుకుందనీ, క్షమించడం మన ధర్మమనీ చెప్పి చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు. క్షమించడానికి వాళ్ళకు ఒక నిమిషం కూడా పట్టలేదు. వాళ్ళకేం పోయింది కనుక. కమిటీ పదవి కూడా ఆమెకే ఉంచేశారు, ఆ పని ఇంకెవరికీ అక్కర్లేదు.

వరస మళ్ళీ సాగింది. కెజియా స్ట్రౌడ్ అంటే లేచి తన వాక్యం చెప్పింది. ఓరిన్ స్ట్రౌడ్ అంటే ఎవరూ లేవలేదు. ఆల్వా ఆమె వైపు చూడలేక పుస్తకంలోకి చూస్తూ, "కమిటీ నివేదిక" అన్నాడు.

"వెళ్ళాను" అంది కెజియా. ఆగింది. "అడిగాను." యాభై మందీ మళ్ళీ పైకప్పు వైపు చూశారు. "కారణం ఉంది" అంది. "అది నాకు తెలుసు. వాడు మాత్రం లేదని చెప్పమన్నాడు."

కలం తీసుకుని, పాటల పుస్తకం అంచు ఆనించకుండానే గీత గీసింది. వంకరగా వచ్చింది.

కూటం అయ్యాక అందరూ మెట్ల మీద నిలబడి ఉక్క గురించి మాట్లాడుకుంటున్నారు. ఆమె వాళ్ళను దాటుకుని చెరువు ఒడ్డుకు వెళ్ళింది, ఆ గొంతు అవతలికి చేరిందో లేదో తెలుసుకోవాలని. అవతల పీస్లీ వాళ్ళ లోపలి గది కిటికీ కనబడుతోంది. మూడు నెలలు పగలూ రాత్రీ తెరిచి ఉన్న కిటికీ అది. ఆ ఆగస్టు ఉక్కలో దాన్ని మూసి, లోపల తెర కూడా దించేశారు.